ప్రింట్ అంటే నకలు కాదు: ఒకే రేకు మీద అన్ని రంగులు నిలిపిన కృష్ణారెడ్డి

క్లుప్తంగా

చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి శాంతినికేతన్, లండన్, పారిస్, మిలాన్ మీదుగా న్యూయార్క్ చేరిన కృష్ణారెడ్డి (1925–2018) ముద్రణ కళ తీరునే మార్చిన తెలుగువాడు. రంగుకో లోహపు రేకు చొప్పున వాడే కాలంలో ఒకే రేకు మీద అన్ని రంగులూ ఎక్కించి ఒక్కసారే ముద్రించే పద్ధతిని ఆయన తన తోటివారితో కలిసి రూపొందించారు. ఆ పద్ధతంతా రెండు విషయాల మీద నడుస్తుంది: రేకు మీద గాడి ఎంత లోతు, ఇంకులో నూనె ఎంత. అలాంటి ప్రింట్‌ను నకలు అనడం ఎందుకు తప్పో ఆ రెండూ తెలిస్తే అర్థమవుతుంది.

ఒక మాట తెచ్చిన గందరగోళం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి ‘ప్రింట్ ఎక్కడ తీస్తారు’ అని అడిగితే జిరాక్స్ షాపుకో, ఫ్లెక్సీలు కొట్టే చోటికో దారి చూపిస్తారు. మహబూబ్‌నగర్‌లో అడిగినా అంతే. జనం మాటలో ప్రింట్ అంటే అసలుది ఇంకెక్కడో ఉందని, చేతిలో ఉన్నది దాని నకలని అర్థం. పెళ్లి కార్డుకూ, ఓటరు లిస్టుకూ ఆ అర్థం సరిపోతుంది.

చిక్కు వచ్చేది కళ దగ్గర. గ్యాలరీలో, వేలంలో, ఈమధ్య ఫోన్‌లోనే బొమ్మలు అమ్మే సైట్లలో ‘ప్రింట్’ అని రాసి వేలు, లక్షల ధర పెడితే చూసేవారికి అనుమానం రావడం సహజం. నకలుకు అంత ధరా? బొమ్మ కింద పెన్సిల్‌తో రాసిన 7/50 ఏమిటి? ఇంకో నలభై తొమ్మిది ఉంటే ఇందులో గొప్ప ఏముంది? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ తెలివితక్కువది కాదు. పైగా కొందరు అమ్మేవాళ్లే గందరగోళాన్ని పెంచుతున్నారు. పెయింటింగ్‌ను ఫొటో తీసి, మంచి కాగితం మీద కంప్యూటర్‌తో అచ్చు వేసి, దానికీ ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్’ అనే పేరు పెడుతున్నారు.

తేడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఫొటో తీసి అచ్చు వేసినదానికి మూలం వేరే ఉంటుంది. లోహపు రేకు మీద గీతలు దింపి, వాటిలో ఇంకు నింపి తీసే ఎచింగ్‌కు వేరే మూలం లేదు. రేకు మీద ఉన్నది బొమ్మ కాదు, బొమ్మ రావడానికి చేసిన పనిముట్టు. కాగితం మీదికి వచ్చాకే బొమ్మ పుడుతుంది. ఈ మాట ఎందుకు నిజమో తెలియాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్లాలి.

పానగల్లు రాయి, రాగి రేకు

నల్లగొండకు ఆనుకుని ఉన్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్న ఆ ఊళ్లో శాసనాలు చెక్కిన రాళ్లు చూడొచ్చు. శాసనం చదివేవారు రాతి ముందు కూర్చుని చదవరు, ముందు దాని అచ్చు తీసుకుంటారు. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గాళ్లలోకి దిగుతుంది. తర్వాత ఇంకు అద్దిన మెత్తటి పొట్లంతో పైపైన తడతారు. రాతి పైభాగం నల్లగా వస్తుంది. గాడిలోకి దిగిన చోటికి ఇంకు అందదు కాబట్టి అక్షరం తెల్లగా నిలుస్తుంది.

ఎచింగ్ దీనికి సరిగ్గా తిరగేసిన పని. ఇక్కడ ఇంకు గాడిలో ఉంటుంది, పైభాగాన్ని తుడిచేస్తారు. రేకు మీద తడి కాగితం వేసి భారీ ఒత్తిడితో నొక్కితే కాగితం గాడిలోకి దిగి ఇంకును పీల్చుకుంటుంది. గీత నల్లగా, ఖాళీ తెల్లగా వస్తుంది. వేలితో తడిమితే ఆ గీత కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా తగులుతుంది కూడా. కంప్యూటర్ ప్రింట్‌లో ఆ ఉబ్బు ఉండదు. కొనేవారికి ఇది పనికొచ్చే గుర్తు.

రెండింటికీ ఇంకో తేడా ఉంది. శాసనం అచ్చులో ఇంకు కాగితం బయటివైపు పడుతుంది కాబట్టి అక్షరాలు సవ్యంగానే ఉంటాయి. ఎచింగ్‌లో ఇంకు అంటేది రేకుకు ఆనుకున్న వైపు. అందుకే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. రేకు మీద కుడిచేత్తో దండం పట్టిన మనిషి కాగితం మీద ఎడమచేతి వాటం మనిషి అవుతాడు. అనుభవం ఉన్న కళాకారుడు రేకు మీద గీసేటప్పుడే దీన్ని లెక్కలో పెట్టుకుంటాడు.

తామ్ర శాసనాల సంగతి ఇక్కడే గుర్తొస్తుంది. మన రాజులు దానపత్రాలు రాగి రేకుల మీద చెక్కించారు. రాగి ఉంది, చెక్కే ఉలి ఉంది, చెక్కే చెయ్యీ ఉంది. దానపత్రం కలకాలం నిలవాలని చెక్కారే తప్ప కాగితం మీదికి దింపాలని చెక్కలేదు. యూరప్‌లో కంసాలులు, ఆయుధాల మీద నగిషీ చెక్కేవాళ్లు పదిహేనో శతాబ్దంలో ఆ గాళ్లలోకి ఇంకు నింపి కాగితం మీదికి దింపడం అలవాటు చేసుకున్నారు. ముద్రణ కళలో ఈ శాఖ మొదలైంది వాళ్ల దుకాణాల్లోనే.

యాసిడ్ చేసే పని

రేకును చేత్తో చెక్కితే ఎన్‌గ్రేవింగ్, యాసిడ్‌తో తినిపిస్తే ఎచింగ్. రాగి లేదా జింక్ రేకును మెరిసేలా రుద్ది, దాని మీద మైనం, రాళం లాంటివి కలిపిన పూత వేస్తారు. యాసిడ్ ఆ పూతను దాటి వెళ్లలేదు. పూత మీద సూదితో గీస్తే గీసిన చోట లోహం బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచగానే ఆ గీతలను మాత్రమే యాసిడ్ తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతు పెరుగుతుంది. లోతైన గాడిలో ఇంకు ఎక్కువ పట్టి గీత ముదురుగా వస్తుంది. లేతగా ఉండాల్సిన గీతలకు మధ్యలో వార్నిష్ పూసి రేకును మళ్లీ ముంచుతారు. అంటే బొమ్మలో వెలుగునీడలను తేల్చేది చెయ్యి ఒక్కటే కాదు, గడియారం కూడా.

గీతలు కాకుండా నీడలా పరుచుకునే రంగు కావాలంటే రాళం పొడిని రేకు మీద సన్నగా రాల్చి వేడి చేస్తారు. పొడి కరిగి అంటుకుంటుంది. రేణువుల సందుల్లో యాసిడ్ దిగి, కంటికి ఆనని గుంటలు పడతాయి. దీన్ని ఆక్వాటింట్ అంటారు.

చివర్లో ప్రెస్. చెరుకు రసం బండి చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. రెండు ఇనుప రోలర్ల మధ్య నుంచి చెరుకు గడకు బదులు రేకు, తడి కాగితం, దాని మీద ఉన్ని దుప్పట్లు పోతాయి.

నందనూరు నుంచి న్యూయార్క్ దాకా

కృష్ణారెడ్డి 1925 జులై 15న పుట్టారు. చదువు రిషీవ్యాలీలో మొదలైంది. 1941లో శాంతినికేతన్ చేరి చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడి చదువు నాలుగు గోడల మధ్య నడిచేది కాదు. చెట్టును గీయాలంటే ముందు ఆ చెట్టు ఎలా పెరిగిందో, కొమ్మ ఎక్కడ బరువు మోస్తోందో చూడాలని నేర్పిన చోటు అది. తర్వాతి ఆయన పనిలో ఈ చూపు పదే పదే కనిపిస్తుంది: పురుగు, చేప, అల, సుడిగుండం, మొలక. ఇవి అలంకారానికి తెచ్చిన వస్తువులు కావు. కదిలే, పెరిగే ప్రతిదాని లోపలా ఉండే కట్టుబడిని పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలు.

1947 నుంచి 1949 దాకా మద్రాసు కళాక్షేత్రలో కళా విభాగం చూసుకున్నారు. తర్వాత లండన్‌లోని స్లేడ్ స్కూల్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. 1950ల మొదట్లో పారిస్ చేరి ఒసిప్ జాద్కిన్ దగ్గర శిల్ప సాధన కొనసాగించారు. ఆ దశాబ్దం మధ్యలో మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో మారినో మారినీ దగ్గర పనిచేశారు. ముగ్గురూ శిల్పులే. కృష్ణారెడ్డి ముద్రణలోకి వచ్చింది చిత్రకారుడిగా కాదు, శిల్పిగా. ఆయన గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే. తర్వాత ఆయన రేకు మీద ఏం చేశారో దీన్ని వదిలేస్తే అర్థం కాదు.

పారిస్‌లో ఆయన్ను ముద్రణ వైపు లాగింది స్టాన్లీ విలియం హేటర్ నడిపే అతెలియే 17. హేటర్ ఇంగ్లండ్ మనిషి, చదివింది కెమిస్ట్రీ. ఆయన 1927లో పారిస్‌లో మొదలుపెట్టిన ఈ వర్క్‌షాప్‌కు తర్వాత ఉన్న ఇంటి నంబరే పేరుగా నిలిచింది. యుద్ధం రావడంతో 1940లో న్యూయార్క్ తరలిపోయింది, 1950లో మళ్లీ పారిస్ చేరింది. మిరో, జాకొమెట్టి లాంటి పేరున్న కళాకారులు అందులో పనిచేశారు. అక్కడ గురువు పీట, శిష్యుడి చాప అన్న తేడా లేదు. ప్రెస్ ఒకటి, చుట్టూ చేతులు చాలా. ఒకరి రేకు చెడిపోతే ఎందుకు చెడిందో అందరూ కలిసి చూసేవారు. ఒకరికి ఉదయం దొరికిన కిటుకు సాయంత్రానికల్లా అందరిదీ అయ్యేది.

1957లో కృష్ణారెడ్డి అక్కడ సహాయ డైరెక్టర్ అయ్యారు. 1960ల మధ్య నుంచి హేటర్‌తో పాటు కో-డైరెక్టర్‌గా ఉన్నారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్లి న్యూయార్క్ యూనివర్సిటీలో ముద్రణ విభాగాన్ని నడిపారు. దేశదేశాలు తిరిగి వర్క్‌షాపులు పెట్టారు, భారత్‌కూ చాలాసార్లు వచ్చి నేర్పారు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల పనిని కలిపి ఒక ప్రదర్శన పెట్టింది. ఆయన 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

పల్లీ పట్టీ సూత్రం

రంగు ఎచింగ్ పాత పద్ధతిలో చాలా కష్టం. ఎరుపుకో రేకు, నీలానికో రేకు, పసుపుకో రేకు చెయ్యాలి. ఒకే కాగితాన్ని మూడుసార్లు ప్రెస్‌లో పెట్టాలి. ప్రతిసారీ రేకు వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోవాలి. పైగా తడి కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇంత కష్టపడ్డా రంగులు ఒకదాని మీద ఒకటి అతికించినట్టు కనిపించే ప్రమాదం ఉంటుంది. అన్నీ కలిసి పుట్టినట్టు ఉండవు.

ఒకే రేకు మీద అన్ని రంగులూ ఉండాలంటే అవి కలిసి బురద కాకుండా ఆపేది ఏదో కావాలి. దానికి నూనె దొరికింది.

పాలమూరు వైపు పల్లీ పట్టీ చేసేటప్పుడు పళ్లేనికి ముందు నూనె రాస్తారు. బెల్లం పాకం ఎంత జిగటగా ఉన్నా నూనె రాసిన పళ్లేనికి పట్టదు. నువ్వుల ఉండలు చుట్టేటప్పుడు అరచేతులకు నెయ్యి రాసుకునేదీ అందుకే. ఇదే తిరగేస్తే? పాకం పోసేసి దాని మీద నూనె వేస్తే అది జారిపోదు, పరుచుకుని ఉండిపోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదే తేడా.

ఇంకులదీ ఇదే వరస. రేకు మీద ముందు అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకు ఎక్కించి, తర్వాత జిగట ఇంకు రోలర్ తిప్పితే, పల్చటి ఇంకు ఉన్న చోట జిగటది అంటదు. ఖాళీ చోటే చూసుకుని అంటుతుంది. ముందు జిగటది వేసి తర్వాత పల్చటిది తిప్పితే, రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. అడ్డుకట్టలా పనిచేయించాలా, పొరలా పరవాలా అన్నది కళాకారుడి చేతిలోనే ఉంది. విస్కాసిటీ అంటే ఇంకు జిగట ఎంత అన్నది. విస్కాసిటీ ప్రింటింగ్ అనే పేరు ఇక్కడి నుంచి వచ్చింది. కృష్ణారెడ్డి మాత్రం దీన్ని ‘ఒకేసారి రంగుల ముద్రణ’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచారు. 1988లో వచ్చిన తన పుస్తకానికీ ఆ పేరే పెట్టారు.

రెండో పనిముట్టు రోలర్. గట్టి రబ్బరు రోలర్ రేకు మీది ఎత్తయిన చోట్లను మాత్రమే తాకుతుంది. మెత్తటి రోలర్ నొక్కితే సాగి పల్లంలోకి దిగుతుంది. కాబట్టి పని ఈ వరసలో సాగుతుంది. మొదట గాళ్లలోకి ఒక ఇంకు నింపి పైభాగం తుడుస్తారు. తర్వాత పల్చటి ఇంకుతో గట్టి రోలర్ తిప్పితే ఎత్తుల మీద రెండో రంగు పడుతుంది. ఆ తర్వాత జిగట ఇంకుతో మెత్తటి రోలర్ తిప్పితే, ఎత్తుల మీది పల్చటి ఇంకు దాన్ని రానివ్వదు, అది పల్లాల్లోకే పోతుంది. మూడు రంగులు, ఒక రేకు. ప్రెస్‌లోకి వెళ్లడం ఒక్కసారే.

ఇది ఎవరు కనిపెట్టారన్న దానిమీద రకరకాల మాటలు వినిపిస్తాయి. హేటర్ పేరు చెప్పేవారున్నారు, కృష్ణారెడ్డి పేరు చెప్పేవారున్నారు. ముంబయి నుంచి వెళ్లిన కళాకారుడు కైకో మోతీ పాత్ర కూడా తక్కువది కాదు. వర్క్‌షాప్ నడిచిన తీరు చూస్తే ఒక్కరి ఖాతాలో వెయ్యడమే సరికాదు. ఉమ్మడి గదిలో, ఉమ్మడి ప్రెస్ మీద దొరికిన విషయం అది. దాన్ని అందరికంటే లోతుకు తీసుకెళ్లి, ఎందుకు అలా జరుగుతుందో రాసి, నలభై ఏళ్లకు పైగా నేర్పింది మాత్రం కృష్ణారెడ్డి.

పుట్టపాకలో నూనె వేరే పని చేస్తుంది

నూనెకు, రంగుకు ఉన్న సంబంధం ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు పేరులోనే నూనె ఉంది. చీరాల నుంచి వచ్చిన ఈ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. తర్వాతే రంగులోకి దించుతారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులతోనే రుమాలంతా. కొత్త రుమాలు విప్పితే నూనె వాసన ఇంకా ఉంటుంది.

రెంటిలోనూ నూనె ఉంది కదా అని ఒకే సూత్రం అనుకుంటే పొరపాటు. పుట్టపాకలో నూనె రంగును ఆపదు. నూలు పోగు రంగును గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. అక్కడ రంగును ఆపేది కట్టు: సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలతో, దారంతో పోగులను బిగించి కట్టడం. చిటికి అని స్థానికంగా పిలిచే ఈ పనిలో కట్టిన చోటికి రంగు చేరదు. పారిస్‌లో దీనికి తలకిందులు. అక్కడ ఆపేది నూనె, రంగును చోటుకు చేర్చేది రబ్బరు.

అయినా నేతగాళ్లకు కృష్ణారెడ్డి పద్ధతి చెబితే మిగతావారికంటే త్వరగా అర్థమవుతుంది. కారణం వస్తువులు కాదు, ఆలోచన వరస. చిటికిలో బొమ్మను ఎవరూ బట్ట మీద వెయ్యరు. బట్ట ఇంకా పుట్టకముందే, పడుగులోనూ పేకలోనూ ఎక్కడ రంగు పట్టాలో ఎక్కడ పట్టకూడదో తేల్చేస్తారు. మగ్గం మీద రెండూ కలిసినప్పుడే బొమ్మ బయటపడుతుంది. విస్కాసిటీ ప్రింట్ కూడా అంతే. రంగు ఎక్కడికి పోవాలన్నది బ్రష్ చెప్పదు, రేకును చెక్కినప్పుడే తేలిపోతుంది.

శిల్పి చేతిలో రేకు

ఎత్తుపల్లాలు రంగును నడిపిస్తాయని తెలిశాక రేకు చదునుగా ఉండాల్సిన పనిలేదు. ఇక్కడ శిల్పి చదువు అక్కరకు వచ్చింది. కృష్ణారెడ్డి యాసిడ్‌తో లోతుగా తినిపించడమే కాక ఉలితో, గీరే పనిముట్లతో, కరెంటు మీద తిరిగే చేతి యంత్రాలతో రేకును మలిచారు. రంగు తీసేసి పక్కన పెట్టినా చూడదగ్గ రేకులు అవి. వాటిని చాలామంది చిన్న లోహ శిల్పాలుగానే చూస్తారు.

1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూస్తే ఈ పద్ధతి దేనికి పనికొస్తుందో తెలుస్తుంది. సుడిలో నీళ్లు ఒక రంగులో ఉండవు. లోతుకొద్దీ, వెలుగు పడే తీరుకొద్దీ మారతాయి. పాత పద్ధతిలో ఆ మార్పును కళాకారుడు కళ్లతో చూసి, రంగులుగా విడదీసి, రేకులకు పంచాలి. ఇక్కడ గాడి వాలే కొద్దీ రంగు దానంతట అదే మారుతుంది. దగ్గరికెళ్తే చిన్న చిన్న మచ్చలుగా వేర్వేరు రంగులు, దూరం నుంచి ఒకే నీటి కదలిక. సుడిగుండాన్ని గీసినట్టు ఉండదు, రేకులోనే సుడి తిరిగినట్టు ఉంటుంది. అదే ఏడాది ‘వేవ్’, అంతకు ముందు ‘ఫిష్’, ‘వాటర్ లిలీస్’ ఈ దారిలోనివే.

1968లో పారిస్ వీధుల్లో విద్యార్థుల ఉద్యమం నడిచింది. అప్పటి ‘డెమాన్‌స్ట్రేటర్స్’లో మనుషులు సన్నటి నిలువు రూపాలు. ముఖాలు తెలియవు, చేతులు మాత్రం పైకి లేచి ఉంటాయి. ఆయన పనిలో మనుషుల గుంపు ఇంత నేరుగా కనిపించేది అరుదు. చాలా ఏళ్ల తర్వాత, కూతురు అపూతో కలిసి చూసిన సర్కస్ నుంచి పుట్టిన ‘గ్రేట్ క్లౌన్’ ఇంకో రకం. నడిమధ్య విదూషకుడు, అతని చుట్టూ తిరిగే లోకం. ఒకే రేకు నుంచి ఈ బొమ్మను ఆయన రకరకాల రంగుల్లో తీశారు. ఒకదాంట్లో పండగ వెలుగు, ఇంకోదాంట్లో చీకటి. రేకు మారలేదు. మారింది ఇంకుల వరస, నూనె పాళ్లు.

లక్ష్మాగౌడ్‌తో పోల్చితే

తెలంగాణలో ఎచింగ్ అనగానే ముందు వచ్చే పేరు కె. లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదివారు. బరోడాలో గురువు కె.జి. సుబ్రమణ్యన్. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన తిరిగి హైదరాబాద్ వచ్చేశారు. మేకలు, చెట్లు, ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు, వాళ్ల ఒళ్లు, వాళ్ల కోరికలు, ఇవే ఆయన బొమ్మలు.

ఇద్దరూ ఎచర్లే కానీ రేకును వాడుకున్న తీరు వేరు. లక్ష్మాగౌడ్ ముఖ్యంగా గీత మనిషి. సన్నటి, పదునైన గీత, దాని వెనక ఆక్వాటింట్ నీడ. ఆయనకు రేకు అంటే చదునైన నేల, దాని మీద కథ నడుస్తుంది. కృష్ణారెడ్డికి రేకే కథ. ఒకరు ఊరిని వదలకుండా లోతుకు వెళ్లారు. ఇంకొకరు దేశాలు దాటి వెళ్లి లోహం లోపలికి చూశారు. ఏది గొప్ప అనే వాదన ఇక్కడ అనవసరం. కాకపోతే దేశాలు తిరిగినవారి పని ఊరికి దూరమని చాలామంది అనుకుంటారు. ‘వర్ల్‌పూల్’ ముందు కాసేపు నిలబడితే ఆ మాట అనడం కష్టం. బావిలో రాయి వేసి నీళ్ల వలయాలు చూసిన ఎవరికైనా అది తెలిసిన దృశ్యమే.

7/50 అంటే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కింది అంకె ఆ రేకు నుంచి తీయాలని ముందే నిర్ణయించుకున్న మొత్తం ప్రతుల సంఖ్య. పై అంకె ఈ ప్రతి నంబరు. ఇవి కాక కళాకారుడు తన దగ్గర ఉంచుకునే కొన్ని ప్రతులుంటాయి. వాటి మీద ‘ఆర్టిస్ట్ ప్రూఫ్’ అని ఉంటుంది. ఎడిషన్, అంటే అనుకున్న ప్రతులన్నీ, పూర్తయ్యాక ఇంకెవరూ తీయకుండా చాలామంది రేకు మీద అడ్డంగా గీత కొడతారు.

సంఖ్యకు హద్దు పెట్టడం ధర కోసమే అనుకుంటారు. కొంతవరకు నిజమే, కానీ లోహానికి కూడా హద్దుంది. ప్రతిసారీ ప్రెస్ ఒత్తిడికి సన్నటి గీతలు అరుగుతాయి. ఆక్వాటింట్ అన్నిటికంటే ముందు పోతుంది.

విస్కాసిటీ ప్రింట్లలో ఇంకో మెలిక ఉంది. ప్రతి కాగితానికీ రేకును మొదటి నుంచి తుడిచి, గాళ్లు నింపి, రోలర్లు తిప్పాలి. రోలర్ కొంచెం ఎక్కువ నొక్కినా రంగు జరుగుతుంది. వాతావరణం కూడా తోడవుతుంది. వేడికి ఇంకు పల్చబడుతుంది. పారిస్ చలికాలంలో సరిపోయిన నూనె పాలు నల్లగొండ మే నెలలో ఎక్కువైపోతుంది. కాబట్టి 7/50కీ, 8/50కీ మధ్య చిన్న తేడా ఉంటే అది లోపం కాదు. రెండూ విడివిడిగా పుట్టినవే. జిరాక్స్ అనే మాట ఇక్కడ నిలవదు.

కొనేవారు చూడాల్సినవి మూడే. గీత వేలికి తగులుతోందా? రేకు అంచు నొక్కిన గుర్తు బొమ్మ చుట్టూ కాగితంలో దిగిందా? నంబరు, సంతకం పెన్సిల్‌తో చేత్తో పెట్టినవా, అచ్చులోనే వచ్చినవా? మూడూ సరిగా ఉన్నా అమ్మేవారిని కాగితాలు అడగడం మంచిది.

ఇక్కడ నేర్చుకోవాలంటే

నల్లగొండ, పాలమూరు నుంచి ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు దారి ప్రస్తుతానికి హైదరాబాద్ వైపే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ముద్రణ చదువు ఉంది. ఆ విభాగానికి మొదట్లో ఊపిరి పోసినవారిలో లక్ష్మాగౌడ్ ఒకరు. ఊరికి తిరిగొచ్చాక ఎదురయ్యే ఇబ్బంది ప్రెస్ లేకపోవడం. కాన్వాస్, రంగులు ఇంట్లో పెట్టుకోవచ్చు. ఎచింగ్ ప్రెస్ ఖరీదు, బరువు రెండూ ఎక్కువే. చదువుకున్నవారు చాలామంది పెయింటింగ్‌కు మళ్లిపోవడానికి ఇదే ముఖ్య కారణం. అతెలియే 17 నడిచిన తీరు ఇక్కడ ఆలోచించదగ్గది. అక్కడ ప్రెస్ ఎవరి సొంతమన్నది ఎవరూ పట్టించుకోలేదు, అందరూ వాడుకున్నారు. జిల్లాకు ఒక ఉమ్మడి ప్రెస్ ఉన్నా చాలామంది చేతులు ఆడతాయి.

రెండో ఇబ్బంది యాసిడ్. నైట్రిక్ యాసిడ్ నుంచి వచ్చే గోధుమ రంగు పొగ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఇంట్లో దాన్ని వాడకూడదు. దీనికి బదులు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు కలిపిన నీళ్లు జింక్ రేకునూ, అల్యూమినియం రేకునూ బాగానే తింటాయి. బత్తాయి తోటలున్న నల్లగొండ రైతులకు మైలుతుత్తం తెలియంది కాదు. చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్ట్‌లో ఉండేది అదే. గ్లౌజులు, గాలి ఆడే చోటు దీనికీ తప్పనిసరి. గాళ్లలో పేరుకునే ఎర్రటి రాగి మడ్డిని బ్రష్‌తో తీసేస్తూ ఉండాలి. వాడిన నీళ్లను మోరీలో, చేను కాలువలో పారబోయకూడదు. బట్టల సోడా కలిపితే రాగి కిందికి దిగుతుంది, ఆ మడ్డిని వేరు చేసి దాచాలి.

రేకు, యాసిడ్ ఏమీ లేకుండానూ విస్కాసిటీ సూత్రాన్ని చేతులారా చూడొచ్చు. గట్టి అట్ట మీద అట్ట ముక్కలు అంటించి రెండు ఎత్తులు చెయ్యాలి. ఫెవికాల్ పూసి ఆరనిచ్చి, పైన వార్నిష్ వెయ్యాలి. ఒక రంగు అచ్చు ఇంకులో అవిసె నూనె కలిపి గట్టి రోలర్‌తో పైన తిప్పాలి, ఇంకో రంగు ఇంకును జిగటగానే ఉంచి మెత్తటి రోలర్‌తో తిప్పాలి. తడి కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దాలి. మొదటిసారి రెండు రంగులూ కలిసి మురికిగా వస్తే పల్చటి ఇంకులో నూనె చాలలేదని అర్థం. నాలుగు చుక్కలు పెంచి, అట్ట తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి.